మన ఆటగాళ్లను మనమే వదులుకోవాలా? బార్క్‌లీ, మెకిన్నీ వెళ్లిపోయాక జెయింట్స్ అభిమానుల చర్చ

ఎడిసన్_నీలి_జెర్సీ

మార్చి దగ్గర పడుతోందంటే నాకు 2024 గుర్తొస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ముందుగా ఒక మాట: కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడిని ఫ్రీ ఏజెంట్ అంటారు. ఆ తర్వాత ఎవరు మంచి రేటు ఇస్తే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. ఆ మార్చిలో మన న్యూయార్క్ జెయింట్స్ ఇద్దరిని చేజార్చుకుంది. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీ మూడేళ్లకు 37.75 మిలియన్ డాలర్ల మీద ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కి వెళ్లాడు. డిఫెన్స్‌లో వెనక కాపలా కాసే సేఫ్టీ జేవియర్ మెకిన్నీ నాలుగేళ్లకు 67 మిలియన్ల మీద గ్రీన్ బే ప్యాకర్స్‌కి వెళ్లాడు. ఆ సీజన్‌లోనే బార్క్‌లీ 2,005 యార్డులు పరిగెత్తాడు. మెకిన్నీ ఎనిమిది ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు విసిరిన బంతులు) పట్టి, ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్ ప్రో ఫస్ట్ టీమ్‌లో చోటు సంపాదించాడు. మనం 17 మ్యాచ్‌లు ఆడి గెలిచింది మూడు.

అక్టోబర్ 20న ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో మెట్‌లైఫ్ స్టేడియంలో పై వరసల్లో కూర్చుని చూశాను. బార్క్‌లీ బంతి అందుకున్నప్పుడల్లా జనం గోల చేశారు. 17 సార్లు పట్టి 176 యార్డులు లాగాడు. 28-3తో ఓడిపోయాం. నా ముందు వరసలో తొమ్మిది, పదేళ్ల పిల్లాడు నీలం రంగు 26 నంబర్ జెర్సీ వేసుకొచ్చాడు. వీపు మీద బార్క్‌లీ పేరు కనిపించకుండా వాళ్ల నాన్న తెల్ల టేపు అంటించాడు. మూడో క్వార్టర్ వచ్చేసరికి ఆ టేపు ఒక అంచు ఊడి వేలాడుతోంది. వాడు దాన్ని వెనక్కి తడుముకుంటూ అతికించుకుంటూనే ఉన్నాడు. వాడికి ఏమని చెప్పాలో వాళ్ల నాన్నకే కాదు, నాకూ తెలియలేదు.

నేననేది ఇదే. మనం డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తీసుకుని, మన దగ్గరే మోకాలు విరగ్గొట్టుకుని, మన డాక్టర్ల చేతుల్లో కోలుకున్న ఆటగాడి గురించి మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? మీటింగ్‌లో ఎలా ఉంటాడో, ఓడిపోయిన మర్నాడు ప్రాక్టీస్‌కి ఏ మొహంతో వస్తాడో మనకే తెలుసు. అలాంటివాడిని పంపేసి, వీడియోలు చూసి ఎంచుకున్న బయటివాడికి డబ్బు పోయడం ఏం న్యాయం? ముందు మనవాళ్లు, ఆ తర్వాతే బజారు. మీరేమంటారు?

క్యాప్_లెక్కల_మనిషి

అన్నా, మీ బాధ నాకూ ఉంది. కానీ 2,005 అన్న అంకె 2024 మార్చిలో ఎవరి దగ్గరా లేదు. అప్పుడు మన జనరల్ మేనేజర్ జో షేన్ టేబుల్ మీద ఏముందో అదే చూద్దాం.

27 ఏళ్ల రన్నింగ్ బ్యాక్. 2020లో షికాగోలో మోకాలి లిగమెంట్ తెగింది. 2023లో 14 మ్యాచ్‌లలో 962 యార్డులు, అంటే పరుగుకి నాలుగు యార్డులు కూడా రాలేదు. ఆ ఏడాది శాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి, 255.4 మిలియన్లు. 53 మందిని ఆ డబ్బులోనే పోషించాలి. డిఫెన్స్‌లో అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాడు) పరిగెత్తించేవాడు లేడని బ్రయన్ బర్న్స్‌ని ట్రేడ్‌లో తెచ్చి ఐదేళ్లకు 141 మిలియన్లు ఇచ్చారు. రన్నింగ్ బ్యాక్ స్థానంలో డెవిన్ సింగిల్టరీని మూడేళ్లకు 16.5 మిలియన్లకు తీసుకున్నారు. ఐదో రౌండ్‌లో టైరోన్ ట్రేసీని డ్రాఫ్ట్ చేస్తే మొదటి ఏడాదే 839 యార్డులు చేశాడు. ఐదో రౌండ్ కుర్రాడి జీతం ఎంతో మీకు తెలుసు.

కాబట్టి "మనవాళ్లు" అన్న మాట మీద చెక్కు రాయకూడదు. ఆ స్థానానికి బజారులో ప్రత్యామ్నాయం ఎంతకు దొరుకుతుందో చూసి రాయాలి. రన్నింగ్ బ్యాక్ దొరుకుతాడు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లెఫ్ట్ టాకిల్ దొరకడు.

ఉప్పల్_గ్యాలరీ

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. ఈ ఆట చూడటం మొదలుపెట్టి మూడేళ్లే, కానీ ఈ నొప్పి మాకు కొత్త కాదు. 2022 ఐపీఎల్‌కి ముందు సన్‌రైజర్స్ కేన్ విలియమ్సన్‌ని 14 కోట్లకు ఉంచుకుని, వార్నర్‌ని, రషీద్ ఖాన్‌ని వదిలేసింది. రషీద్‌ని గుజరాత్ 15 కోట్లకు తీసుకుంది, ఆ ఏడాదే కప్పు కొట్టింది. మేం ఎనిమిదో స్థానంలో ఆగాం. ఉప్పల్‌లో రషీద్ బౌలింగ్‌కి వస్తుంటే స్టేడియం ఎలా ఊగేదో చూసినవాళ్లకి ఎడిసన్ అన్న చెప్పిన టేపు సంగతి వెంటనే అర్థమవుతుంది.

క్యాప్_లెక్కల_మనిషి

తమ్ముడూ, పోలిక దగ్గరగానే ఉంది కానీ ఒక తేడా ఉంది. అక్కడ మెగా వేలం ముందు ఎంతమందిని ఉంచుకోవాలో లీగే గిరి గీస్తుంది. ఇక్కడ అలాంటి గిరి లేదు, క్యాప్‌లో చోటుంటే అందర్నీ ఉంచుకోవచ్చు. అందుకే ఇక్కడ తప్పు జరిగితే నిబంధన మీదకు తోసే వీల్లేదు.

ఎక్స్‌టన్_ఈగిల్స్

అవతలి వైపు నుంచి ఒక మాట చెప్తాను. గెలిచిన గర్వంతో అనడం లేదు, చూసింది చెప్తున్నాను.

బార్క్‌లీ మీ దగ్గరే ఉండి ఉంటే 2,005 చేసేవాడు కాదు. మా ముందు వరసలో అడ్డుకునే ఐదుగురు: మైలాటా, డికర్సన్, జర్గెన్స్, బెక్టన్, లేన్ జాన్సన్. ఆ లైన్ వెనక అతను మొదటి డిఫెండర్‌ని తాకేసరికే నాలుగైదు యార్డులు దాటేసేవాడు. మీ దగ్గర బంతి చేతికొచ్చిన క్షణానికే ఒకడు కాళ్ల మీద పడేవాడు. మీరు చెప్పిన ఆ మెట్‌లైఫ్ మ్యాచ్‌కి సరిగ్గా వారం ముందే మీ లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ థామస్ పాదం గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. చివరి వారం మా ఊళ్లో మీతోనే ఆట. ఎరిక్ డికర్సన్ (మా డికర్సన్ కాదు) 1984లో పెట్టిన ఒక సీజన్‌కి 2,105 యార్డుల రికార్డు దాటడానికి ఇంకో 101 యార్డులు కావాలి. ప్లేఆఫ్స్ కోసం మావాళ్లు అతన్ని కూర్చోబెట్టారు. ఫిబ్రవరి 9న, తన 28వ పుట్టినరోజున, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. ఆ మ్యాచ్‌లో పరిగెత్తింది 57 యార్డులే, అయినా కాన్సాస్ సిటీ ఛీఫ్స్ మీద 40-22. టీమ్ అంటే అది.

ఇంకో సంగతి. మా జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ తనవాళ్లను వదలడనుకుంటే పొరపాటు. గెలిచిన నెల దాటగానే జోష్ స్వెట్ అరిజోనాకి, మిల్టన్ విలియమ్స్ న్యూ ఇంగ్లండ్‌కి వెళ్లిపోయారు. విలియమ్స్‌కి అక్కడ నాలుగేళ్లకు 104 మిలియన్లు. మేం ఆపలేదు. జాక్ బాన్‌ని మాత్రం మూడేళ్లకు 51 మిలియన్లిచ్చి ఉంచుకున్నాం. కానీ అసలు కిటుకు వేరే చోట ఉంది. డికర్సన్, మైలాటా, డెవాంటా స్మిత్, ఏజే బ్రౌన్ నలుగురికీ 2024 మార్చి, ఏప్రిల్‌లలోనే కొత్త కాంట్రాక్టులు అయిపోయాయి. ఆ నలుగురిలో ఒక్కడూ బజారు ముఖం చూడలేదు. ఫ్రీ ఏజెంట్ అయ్యాక ఉంచుకోవాలా వద్దా అని మీరు అడుగుతున్నారు. మావాళ్లు ఆ ప్రశ్న దాకా రానివ్వరు.

వరంగల్_అక్క_జెర్సీ_సిటీ

ఎక్స్‌టన్ తమ్ముడు మంచి మాట చెప్పిండు. దాన్ని మన దగ్గర ఏమైందో దానికి పెట్టి చూడున్రి.

2023 మార్చి 7. ఫ్రాంచైజ్ ట్యాగ్ పెట్టేటందుకు ఆఖరి రోజు, సాయంత్రం నాలుగింటి దాకనే టైం. ట్యాగ్ అంటే టీమ్ ఒక్కడి మీద పెట్టుకునే తాళం. ఆ ఏడాదికి జీతం లీగ్ లెక్క ప్రకారం ఇస్తది, వాడు బయటికి పోరాదు. టీమ్‌కి ఏడాదికి ఒక్కటే ట్యాగ్. అటు క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్, ఇటు బార్క్‌లీ, ఇద్దరి కాంట్రాక్టులూ ఒక్కసారే అయిపోయినయ్. గడువు కొద్ది నిమిషాలుందనంగ జోన్స్‌కి నాలుగేళ్లకు 160 మిలియన్లు ఇచ్చిన్రు. ట్యాగ్ బార్క్‌లీ మీద పడ్డది, 10.09 మిలియన్లు. జూలై దాక మాటలు నడిచినయ్, కుదరలే. ఆఖరికి ఏడాది ఒప్పందమే చేసుకున్నడు.

ఇప్పుడు చెప్పున్రి, అంతకుముందు 2022ల మనల్ని ప్లేఆఫ్స్‌కి మోసుకపోయింది ఎవరు? ఆ ఏడాది బార్క్‌లీ 1,312 యార్డులు చేసిండు. జోన్స్ మంచిగనే ఆడిండు, కాదంటలేను. కానీ డిఫెన్స్ అంత బార్క్‌లీ దిక్కు చూస్తుంటేనే జోన్స్‌కి జాగ దొరికింది. ఎవరి వల్ల ఎవరు మెరిసిన్రో చూసుకోకుండ పైసలు పంచిన్రు. తర్వాత జోన్స్‌కి 2023 నవంబర్‌ల మోకాలు పోయింది. ఎడిసన్ అన్న చూసిన మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్‌ల వాన్ని కూసోబెట్టి డ్రూ లాక్‌ని దింపిన్రు. నెల దాటంగనే విడిచిపెట్టిన్రు.

అంటే మనం మనవాళ్లకు పైసలు ఇయ్యలేదన్నది నిజం కాదు. ఇచ్చినం. తప్పు మనిషికి ఇచ్చినం. సరైన మనిషికి తాళం ఏసినం. నేను పదహారేండ్లు ఒక కంపెనీల పనిచేసిన. నా కింద పనిచేసిన పిల్ల ఒకామె, మంచి పనిమంతురాలు, రెండేండ్లు ఆమె రేటింగ్ బాగున్నా జీతం పెంచలే. మూడో ఏడు ఆమె రాజీనామా కాగితం పెట్టినంక పై వాళ్లు ఎంతంటే అంత ఇస్తమన్నరు. ఆమె నా దిక్కు చూసి, "నిన్నటి దాక నేను ఇదే మనిషినే కద మేడం" అన్నది. నాకాడ జవాబు లేదు. బార్క్‌లీ విషయంల నాకు ఆమె యాదికొస్తది. మనిషి మనసు ఒకసారి విరిగినంక లెక్క కలిసినా మనిషి కలవడు.

క్యాప్_లెక్కల_మనిషి

అక్కా, జోన్స్ కాంట్రాక్టు గురించి నేను వాదించను, అది పొరపాటే. కానీ అదే నా వాదనకి బలం కాదా? జోన్స్ కూడా మనవాడే. 2019లో ఆరో పిక్‌తో మనం డ్రాఫ్ట్ చేసినవాడే. "మనవాడు, మనకు బాగా తెలుసు" అనుకునే కదా 160 మిలియన్లు రాసింది! బాగా తెలిసినవాడి మీద కళ్లు మూసుకుపోవడం ఎక్కువ జరుగుతుంది. వాడు చేసిన మంచి రోజులు మనం చూశాం కాబట్టి అవే మళ్లీ వస్తాయని అనుకుంటాం. బయటివాడిని మాత్రం అనుమానంగా చూసి, చౌకగా కొంటాం.

కాన్సాస్ సిటీని చూడండి. 2022లో టైరీక్ హిల్‌ని మయామీకి పంపేశారు, అందరూ పిచ్చిపని అన్నారు. ఆ సీజన్, ఆ తర్వాతి సీజన్ రెండూ వాళ్లే సూపర్ బౌల్ గెలిచారు. 2024లో కార్నర్‌బ్యాక్ లజేరియస్ స్నీడ్‌కి ట్యాగ్ పెట్టి టెనెసీకి ట్రేడ్ చేశారు. టెనెసీ అతనికి 76.4 మిలియన్లిస్తే ఆ ఏడాది ఐదు మ్యాచ్‌లు ఆడాడు. అదే వసంతంలో క్రిస్ జోన్స్‌కి మాత్రం ఐదేళ్లకు 158.75 మిలియన్లు లెక్క చూడకుండా ఇచ్చారు. ఎందుకంటే డిఫెన్సివ్ లైన్ మధ్యలో అలాంటివాడు మళ్లీ దొరకడు. మనమూ 2023లో డెక్స్‌టర్ లారెన్స్‌ని, ఆండ్రూ థామస్‌ని ముందుగానే కట్టిపడేశాం. అవి మంచి నిర్ణయాలే, థామస్‌కి గాయాలు తగలడం దురదృష్టం.

ఎడిసన్_నీలి_జెర్సీ

అందరివీ రెండుసార్లు చదివాను. జోన్స్ కూడా మనవాడే అన్న మాట నన్ను ఆపేసింది. "ముందు మనవాళ్లు" అని గుడ్డిగా అనలేను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒకటి గమనించండి. ఈ చర్చ మొదలైనప్పటి నుంచి అందరం బార్క్‌లీ చుట్టూనే తిరుగుతున్నాం. మెకిన్నీ పేరు నేను మొదట ఒకసారి చెప్పాను, ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ మార్చిలో అతనికి 24 ఏళ్లు. అంతకుముందు సీజన్‌లో డిఫెన్స్ ఆడిన ప్రతి స్నాప్‌కీ (బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ) మైదానంలో ఉన్నాడు. అతని మీద ట్యాగ్ పెట్టలేదు. రన్నింగ్ బ్యాక్ వయసు, పాత మోకాలు, లైన్, ఇవేవీ ఇక్కడ అడ్డం రావు. లెక్కల తమ్ముడు చెప్పిన కొలత ప్రకారం చూసినా ఇతను ఉంచుకోవాల్సినవాడే. బార్క్‌లీ ఫిలడెల్ఫియాకి వెళ్తే నిద్రపట్టదని ఓనర్ మారా షేన్‌తో అనడం ఆ వేసవి టీవీలో మనమంతా చూశాం. మెకిన్నీ కోసం నిద్ర పాడుచేసుకున్నవాళ్లు మాత్రం కనిపించలేదు. వెళ్లిపోయినవాళ్లకు పరిహారంగా 2025 డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ చివర 99వ పిక్ వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ జాక్సన్ డార్ట్‌ని తీసుకోవడానికి డ్రాఫ్ట్ వరసలో పైకెక్కాలని దాన్ని హ్యూస్టన్‌కి ఇచ్చేశాం. డార్ట్ నిలబడితే సంతోషమే. కానీ ఆల్ ప్రో సేఫ్టీకి బదులు ఒక 99వ పిక్ అంటే నా మనసు ఒప్పడం లేదు.

కాబట్టి నా ప్రశ్న మార్చి అడుగుతున్నాను. కాంట్రాక్టు అయిపోవడానికి ఏడాది ముందే, సీజన్ మొదలయ్యేలోపు, మనవాళ్లలో ఎవరు కావాలో ఎవరు వద్దో తేల్చి, కావాల్సినవాడితో ఆ వేసవిలోనే కూర్చోవడం మనం ఎందుకు అలవాటు చేసుకోకూడదు?

క్యాప్_లెక్కల_మనిషి

మెకిన్నీ విషయంలో మీతోనే ఉన్నానన్నా, అది పెద్ద తప్పు. ఏడాది ముందు కూర్చోవాలన్నదీ ఒప్పుకుంటాను. బార్క్‌లీ దగ్గర మాత్రం నా మాట మారలేదు. ఈగిల్స్ అతనికి 2025 మార్చిలో ఇంకో రెండేళ్లకు 41.2 మిలియన్లు కలిపారు. ఆ సీజన్‌లో అతని పరుగు ముందటేడులా లేదు. 28 దాటిన రన్నింగ్ బ్యాక్‌కి ఆ చెక్కు మనం రాయాల్సి వచ్చి ఉంటే ఈ వేదిక మీద అందరం షేన్‌నే తిట్టేవాళ్లం.

వరంగల్_అక్క_జెర్సీ_సిటీ

తిట్టేటోళ్లమో లేదో తమ్మీ, కానీ 2024 ఫిబ్రవరిల రెండో ట్యాగ్ ఖరీదు ఎంతనో చూసినవా? మొదటిదానికి ఇరవై శాతం కలిపితే పన్నెండు మిలియన్లు దాటుతది. ఈగిల్స్ ఏడాదికి ఇచ్చింది పన్నెండున్నర. తేడా అర మిలియన్. ఆ అర మిలియన్ కాడ మనం ఏం ఆలోచించినమో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.