సగం పని అయిన ఎంజీబీ: ఇలాగే అమ్మేయాలా, రంగు వేయించి అమ్మాలా?

అబింగ్డన్72

అందరికీ నమస్కారం. మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. వచ్చే వేసవికి ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ వెళ్లిపోతున్నాం, మళ్లీ ఇక్కడికి వచ్చే ఆలోచన లేదు. గ్యారేజీలో 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది, అంటే ఎంజీ కంపెనీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, టాప్ దించుకునే రకం, క్రోమ్ బంపర్లది. దాన్నేం చేయాలో తేలడం లేదు.

ఇప్పటిదాకా అయిన పని చెబుతాను. రెండు వైపులా సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు దూలాలు) మొత్తం, అంటే బయటి రేకు, లోపలి రేకు, కింద కాజిల్ రైల్ అనే పట్టీ, అన్నీ కోసేసి కొత్తవి వెల్డింగ్ చేయించాను. ఫ్లోర్లు కొత్తవి. ముందు వింగ్స్ (చక్రాల మీది రేకులు) రెండూ బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ కంపెనీ వాళ్లవి. బాడీ అంతా బూడిదరంగు ఎపాక్సీ ప్రైమర్‌లో (రంగుకి ముందు వేసే అడుగు పూత) ఉంది. యాక్సిల్, సస్పెన్షన్, బ్రేకులు బిగించాం, తోస్తే కదులుతుంది. ఇంజిన్ మెషిన్ షాపులో రీబిల్డ్ అయి స్టాండు మీద కూర్చుంది, ఇంకా స్టార్ట్ చేయలేదు. ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్స్ దాని పక్కనే నేల మీద ఉంది. కొత్త వైరింగ్ లూమ్ (బండి వైర్లన్నీ కలిపిన కట్ట) సంచి కూడా విప్పలేదు. సీట్లు చిరిగినవే. గాజులు, క్రోమ్, డాష్‌బోర్డు అట్టపెట్టెల్లో ఉన్నాయి.

వీ5సీ (రిజిస్ట్రేషన్ కాగితం) నా పేరునే ఉంది, బండి సోర్న్‌లో ఉంది, అంటే రోడ్డు మీద తిరగడం లేదని ప్రభుత్వానికి చెప్పి ఉంచాను. గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం నుంచి హెరిటేజ్ సర్టిఫికెట్ (ఫ్యాక్టరీ రికార్డుల్లోని వివరాల పత్రం) తెప్పించాను, అసలు రంగు టీల్ బ్లూ అని అందులో ఉంది.

క్లబ్బులో ఒక పెద్దాయన ‘ముందు రంగు కొట్టించు, జనం కొనేది రంగునే’ అంటున్నాడు. మా ఆవిడ మాత్రం దాని మీద ఇంకో పౌండు కూడా పెట్టొద్దంటోంది. ఏం చేయమంటారు?

లెక్కలపద్దు

మీ ఆవిడ మాట వినండి.

ఎంజీబీ అరుదైన బండి కాదు. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్ ఫ్యాక్టరీలో రోడ్‌స్టర్లు, కప్పు ఉన్న జీటీలు కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. సామాన్లన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, ఆఖరికి బాడీ షెల్ (ఖాళీ బాడీ) కూడా. కట్టుకునేవాడికి అది వరమే కానీ అమ్ముకునేవాడికి కాదు. కొత్త హెరిటేజ్ షెల్ ఒక్కటే పది వేల పౌండ్లు దాటుతుంది. అటూ ఇటూగా అదే డబ్బుకి రోడ్డు మీద తిరుగుతున్న మంచి రోడ్‌స్టర్ దొరుకుతుంది. అలాంటప్పుడు మీరు పెయింటుకి పెట్టే వేల పౌండ్లు, సీట్లకి పెట్టేవి, క్రోమ్‌కి పెట్టేవి ఎక్కడి నుంచి తిరిగొస్తాయి? ఇదే ఖరీదైన జాగ్వార్ ఈ-టైపో, ఆస్టిన్-హీలీ 3000 బండో అయితే నా సలహా వేరేగా ఉండేది.

ఇప్పటిదాకా పెట్టింది పోయినట్టే. అది అమ్మకం లెక్కలోకి తేకండి.

మిడ్లాండ్స్‌బావ

పద్దు గారూ, లెక్క బాగానే ఉంది కానీ బజారు అలా ఉండదండీ. ‘ఆగిపోయిన ప్రాజెక్ట్, ఇంటి పరిస్థితుల వల్ల అమ్మకం’ అన్న ప్రకటనలు ఎన్ని చూడలేదు! నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. చూసిన ప్రతివాడికీ ఒకటే అనుమానం: వీడు మధ్యలో ఎందుకు ఆపాడు, లోపల ఏం బయటపడింది? ఆ అనుమానానికి రేటు కట్టి అడుగుతాడు. పూర్తి చేయడానికి అయ్యే ఖర్చు తీసేస్తాడు, ఆ పైన తన తలనొప్పికి ఇంకొంత తీసేస్తాడు.

డబ్బున్న కొనుగోలుదారుడికి జూన్ నెలలో టాప్ దించుకుని కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు వెళ్లాలని ఉంటుంది, శీతాకాలమంతా గ్యారేజీలో పడుకుని బోల్టులు తిప్పాలని కాదు. రంగు కొట్టించి, గాజులు బిగించి, కారులా కనబడేలా చేయి తమ్ముడూ. బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.

స్పానర్‌పట్టు

బావగారూ, ఈ ఒక్క విషయంలో మీతో అస్సలు ఒప్పుకోను.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. టీఆర్6, స్పిట్‌ఫైర్ లాంటి ట్రయంఫ్‌ల కింద ఉక్కు ఫ్రేము ఉంటుంది, దీనికి బాడీయే ఫ్రేము. పైన కప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేవి ఆ రెండు సిల్సే. అవి తుప్పు పట్టినప్పుడు బద్ధకస్తులు ఏం చేస్తారంటే, కుళ్లిన రేకు మీదే కొత్త రేకు కప్పి అంచులకు వెల్డింగ్ కొట్టి రంగు వేసేస్తారు. చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. నాలుగేళ్లకి లోపలిది పొడైపోతుంది.

అందుకే నేను ఎంజీబీ చూడ్డానికి వెళ్తే రంగు జోలికి పోను. తలుపు మూసి, దాని వెనక అంచుకీ వెనక వింగ్‌కీ మధ్య సందు చూస్తాను. పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పుగా ఉందంటే బండి నడుం వంగిందన్నమాట. తర్వాత సిల్ దగ్గరి జాకింగ్ పాయింట్ కింద జాకీ పెట్టి కొద్దిగా లేపి, అదే సందు మళ్లీ చూస్తాను. సందు మూసుకుపోయినా తలుపు ఇరుక్కున్నా చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చేస్తాను. అసలు సిల్ తలుపు కిందితో ఆగదు. ముందు వింగ్ వెనక్కీ, వెనక వింగ్ కిందికీ పోతుంది. అది పూర్తిగా మార్చారా లేక కనబడే ముక్క మాత్రమే మార్చారా అన్నది రంగు పడ్డాక తెలుసుకోవడం కష్టం.

ఇప్పుడు మన తమ్ముడి బండి చూడండి. అదంతా ప్రైమర్‌లో కళ్లకు కనబడుతోంది. ఇతను అమ్ముతున్న అసలు సరుకే ఆ వెల్డింగ్. దాని మీద నీలం రంగు పూస్తే మోసగాడి బండికీ ఇతని బండికీ తేడా ఏముంటుంది?

తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. సిల్స్ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి బిగించారా? ఆ ఫొటోలు ఉన్నాయా?

అబింగ్డన్72

ఉన్నాయన్నా. చదరపు పైపు హింజ్ దగ్గరి నుంచి లాక్ దగ్గరికి పెట్టి రెండు వైపులా బిగించాకే కోశారు. పాత సిల్ తీసేశాక లోపలి రేకు ఎలా ఉందో, కొత్త కాజిల్ రైల్ ఎలా కూర్చుందో, తేదీలతో ఫొటోలున్నాయి. తలుపులు ఇప్పుడు వేసే ఉన్నాయి, సందులు సరిగ్గా వచ్చాయి.

స్పానర్‌పట్టు

ఆ పైపులున్న ఫొటో ప్రకటనలో మొదటిది పెట్టు. తెలిసినవాడు అది చూసే ఫోన్ చేస్తాడు.

మిడ్లాండ్స్‌బావ

ఫొటోలు ఉన్నాయి కదా, మరి రంగు వేస్తే నష్టమేంటి? ఫొటో చూపించి, పెయింటూ చూపించు. ఇంకో సంగతి. ప్రైమర్ తేమ పీలుస్తుంది. ఇంగ్లండ్ చలికాలంలో గ్యారేజీలో ప్రైమర్ బండి పెట్టడమంటే తుప్పుని పిలిచి కూర్చోబెట్టడమే.

స్పానర్‌పట్టు

మామూలుగా మందంగా వేసే హై-బిల్డ్ ప్రైమర్ పీలుస్తుంది, నిజమే. ఎపాక్సీ అలా కాదు, రేకుని గాలికీ నీటికీ అందకుండా మూసేస్తుంది. బండి గ్యారేజీ లోపలే ఉంది కాబట్టి వేసవి దాకా దానికేం కాదు. ఇక రంగు సంగతి. టీల్ బ్లూ వేస్తే ఎరుపు కావాలనేవాడు పోతాడు, ఎరుపు వేస్తే హెరిటేజ్ సర్టిఫికెట్ పట్టుకుని అసలు రంగు కావాలనేవాడు పోతాడు. పైగా చవక పెయింటు పని దొరికిపోతుంది, మంచిది చేయించాలంటే పద్దు గారి లెక్క అడ్డమొస్తుంది.

వరంగల్‌పోరడు

అన్నా, గింత కష్టపడి చేసినవ్, అమ్ముడెందుకు? కంటెయినర్ల ఏసి హైదరాబాద్ తోలుకపో. నెక్లెస్ రోడ్డు మీద తిప్పితే జనమంత తిరిగి తిరిగి చూస్తరు.

లెక్కలపద్దు

చూస్తారు, ‘ఎంజీ అంటే హెక్టరే కదా, ఇదేంటి ఇంత చిన్నగా ఉంది’ అని కూడా అడుగుతారు! పాత కారుని ఇండియాకి దింపుకోవాలంటే సుంకమే కారు ధరను మించిపోతుంది తమ్ముడూ. అది కూడా నడవని కారుకి. ఆ దారి వదిలేద్దాం.

కాగితంముఖ్యం

రంగు గొడవలో ఎవరూ కాగితాల సంగతి ఎత్తలేదు. నాలుగు మాటలు చెబుతాను.

రోడ్ ట్రాఫిక్ చట్టం 1988, సెక్షన్ 75 ప్రకారం రోడ్డుకి పనికిరాని బండిని అమ్మడం నేరం. ప్రైవేటుగా అమ్మినా అంతే. అయితే బాగుచేసేదాకా కొన్నవాడు దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్లడని నమ్మడానికి మీకు సరైన కారణం ఉంటే తప్పు లేదు. అందుకే ప్రకటనలోనూ రసీదులోనూ ‘అసంపూర్తి ప్రాజెక్ట్, రోడ్డుకి తగినది కాదు, ట్రెయిలర్ మీదే తీసుకెళ్లాలి’ అని రాసి సంతకం తీసుకోండి. సగం బండిగా అమ్మితే ఇది చెప్పడం తేలిక. బావగారు అన్నట్టు రంగేసి గాజులు పెట్టి కారులా కనబడేలా చేసి, బ్రేకులు మాత్రం పరీక్షించకుండా అమ్మితే చిక్కు ఎక్కువ.

‘చూసింది చూసినట్టు అమ్ముతున్నాను’ అని రాసేస్తే అయిపోయిందనుకోకండి. ప్రైవేటు అమ్మకమైనా అబద్ధం చెబితే 1967 నాటి మిస్‌రిప్రజెంటేషన్ చట్టం కిందికి వస్తుంది. ఇంజిన్ రీబిల్డ్ అయిందంటే మెషిన్ షాపు బిల్లు చూపించండి. మీరు చూడని పని గురించి ఒక్క ముక్క కూడా చెప్పొద్దు.

నలభై ఏళ్లు దాటింది కాబట్టి కొన్నవాడికి రోడ్ ట్యాక్స్ ఉండదు, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు లేకపోతే ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా అక్కర్లేదు. సిల్స్ అసలు నమూనాలోనే మార్చారు కాబట్టి అది మార్పు కింద లెక్కకి రాదు. కానీ ఎంఓటీ అక్కర్లేదంటే బండి భద్రమైందని కాదు. దాన్ని గొప్పగా ప్రకటనలో వేయకండి, తెలిసినవాళ్లకి అదే ఎర్రజెండా.

లాభం వస్తే పన్ను గురించి భయం అక్కర్లేదు, సొంత కారు మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ లేదు. అయినా పద్దు గారి లెక్కలో ఆ ప్రమాదమే కనబడటం లేదు. బండి వెళ్లిన రోజే డీవీఎల్ఏకి (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే శాఖ) ఆన్‌లైన్‌లో తెలియజేయండి. ఇండియా వెళ్లాక బండి మీ పేరు మీదే ఉంటే ఆ శాఖ ఉత్తరాలు మీ పాత ఇంటికి వస్తూనే ఉంటాయి.

స్పానర్‌పట్టు

కాగితం గారు ఇంజిన్ మాటెత్తారు కాబట్టి చెబుతున్నా. ఒక్క పని చేసి అమ్ము తమ్ముడూ, అది రంగు కాదు. ఇంజిన్ మోగించు.

స్టాండు మీద ఉన్న రీబిల్డ్ ఇంజిన్ అంటే కొనేవాడికి మూసిన పెట్టె. బిల్లు ఉన్నా సరే, ‘బేరింగులు సరిగ్గా పడ్డాయో లేదో’ అని గొణుగుతాడు. గేర్‌బాక్సూ ఇంజినూ కలిపి ఒకేసారి బండిలోకి దింపితే ఎంజీబీలో పని తేలిక. లూమ్ మొత్తం అమర్చనక్కర్లేదు. బ్యాటరీ, స్టార్టర్, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, ఒక క్యాన్‌లో పెట్రోలు, రేడియేటర్, ఆయిల్ గేజ్ చాలు. బండి 72ది కాబట్టి నెగటివ్ ఎర్తే (బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి కలుస్తుంది), 67కి ముందు బండ్లలా తిరగేసి కలపాల్సిన పని లేదు. పెట్రోలు పైపు కొత్తది, ఎథనాల్‌కి తట్టుకునేది వెయ్యి. పాత రబ్బరుని ఈ10 (ఎథనాల్ కలిపిన పెట్రోలు) తినేస్తుంది.

ప్లగ్గులు తీసి స్టార్టర్ తిప్పు, గేజ్‌లో ప్రెషర్ కనబడ్డాకే ప్లగ్గులు పెట్టు. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) కొత్తదైతే మొదటిసారి ఐడిల్‌లో వదలొద్దు. అంటుకోగానే 2000, 2500 ఆర్‌పీఎం మధ్య ఒక ఇరవై నిమిషాలు ఉంచు, లేకపోతే క్యామ్ అక్కడే అరిగిపోతుంది. వేడెక్కాక రేస్ మీద 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఆయిల్ ప్రెషర్ ఉంటే ఇంక భయం లేదు. ఆ గేజ్‌నీ శబ్దాన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీయి. కట్ చేసి అతికించిన వీడియో ఎవరూ నమ్మరు.

మిడ్లాండ్స్‌బావ

ఇంజిన్ మోగించడానికి నాకేం అభ్యంతరం లేదు, మంచి సలహానే. కానీ మీరంతా కొనేవాళ్లందరూ మీలాగే జాకీ పట్టుకుని వస్తారనుకుంటున్నారు. అలాంటివాడు వందలో ఎంతమంది? అలాంటివాడే అందరికంటే గట్టిగా బేరం ఆడేవాడు కూడా! మిగతావాళ్లు మెరుపు చూసి ప్రేమలో పడతారు. నాకు కావలసింది వాళ్లు.

స్పానర్‌పట్టు

మెరుపు చూసేవాడు పూర్తయిన బండే కొంటాడు బావగారూ. రంగేసిన సగం బండి అటు అతనికీ పనికిరాదు, ఇటు నాకూ పనికిరాదు.

వరంగల్‌పోరడు

ముక్కలు ముక్కలు చేసి అమ్మితే? ఓవర్‌డ్రైవ్ బాక్సుకు మంచి పైసలొస్తయంటరు గద.

లెక్కలపద్దు

బాక్సుకి వస్తాయి. మిగతావన్నీ కొత్తవే దొరుకుతున్నప్పుడు పాతవాటికి ఎవరిస్తారు? వెల్డింగ్ చేసిన షెల్ చివరికి మిగిలిపోతుంది, దానికే కదా ఇంత డబ్బు పోసింది. ఓవర్‌డ్రైవ్ బండిలోనే ఉంటే బండి రేటు పెరుగుతుంది.

అబింగ్డన్72

అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. లెక్కలపద్దు గారికి ప్రత్యేకంగా నమస్కారం చెప్పమంది.

రంగు వేయించడం లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ దింపడానికి ఒక హాయిస్ట్ (ఇంజిన్ ఎత్తే క్రేన్) అద్దెకు తీసుకుంటున్నాను. వీడియో తీశాక పెట్టెలన్నీ విప్పి, ప్రతి సంచి మీద అది ఏ భాగమో చీటీ రాసి, వరసగా ఫొటో తీస్తాను. లేని సామాను జాబితా కూడా ప్రకటనలోనే పెడతాను. కుడి వైపు క్వార్టర్‌లైట్ (తలుపు ముందు మూల ఉండే చిన్న గాజు) లేదు, వైపర్ మోటరు పనిచేయదు. సీట్ల జోలికి పోను. ధర మాత్రం ఇంకా తేల్చుకోలేదు. గ్యారేజీకి వచ్చి చూడాలనుకునేవాళ్లు మెసేజ్ పెట్టండి, జాకీ నా దగ్గరే ఉంది.

మిడ్లాండ్స్‌బావ

ప్రకటన పెట్టాక లింక్ ఇక్కడ వెయ్యి. ఏప్రిల్ దాకా ఎవరూ రాకపోతే మాత్రం నాకు తెలిసిన పెయింటర్ కోవెంట్రీలో ఉన్నాడు, అతని నంబర్ నీకు విడిగా పంపిస్తాను.

స్పానర్‌పట్టు

ఆ నంబర్ అవసరం పడదు. శనివారం నేనే వస్తున్నా తమ్ముడూ, చూడ్డానికి. కొంటానని కాదు సుమా.