కప్పు మీద బొమ్మ: ముద్రణా, అద్దకమా?

వేడితో నొక్కి కప్పు మీదో బట్ట మీదో బొమ్మ వేసే హీట్ ట్రాన్స్‌ఫర్ ప్రింటింగ్‌కి తెలుగులో ఏమనాలని నిన్న గ్రూపులో చర్చ వస్తే ‘ఉష్ణ బదిలీ ముద్రణ’ అన్న మాట సూచించారు. ఆ మాట చదివితే వేడి బదిలీ అయినట్టుంది. నిజానికి చోటు మారేది రంగు. వేడి దాన్ని కదిలిస్తుంది, అంతే.

మొన్న నాన్నగారి రిటైర్మెంట్‌కని ఫోటో మగ్గు చేయించాను. కాగితం మీద ఆయన పేరు తిరగబడి ఉంది, రంగులు వెలిసిపోయినట్టున్నాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. "కాల్చాక చూడండి సార్, రంగెక్కుద్ది" అన్నాడు షాపు కుర్రాడు. కాగితాన్ని కప్పుకి చుట్టి, మెషిన్‌లో బిగించి, మూడు నాలుగు నిమిషాలాగి ఒలిచాడు. కాగితం పాలిపోయింది. నాన్నగారి నవ్వు కప్పు మీద నిగనిగలాడుతోంది. వేలితో రుద్ది చూశాను, గరుకు తగల్లేదు.

ఆ రంగు 190-200 డిగ్రీల దగ్గర కరగకుండానే ఆవిరై, కప్పుకి వేసిన పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి) పూతలోకి దిగిపోతుంది. బట్టయితే పాలిస్టర్ పోగులోకి దిగుతుంది. నూలుకి ఎక్కదు. కర్పూరం గురించి చదివినప్పుడు బళ్ళో నేర్చుకున్న ‘ఉత్పతనం’ ఇదే. ‘పతనం’ అనగానే మనకు పడిపోవడమే తోస్తుంది గానీ సంస్కృతంలో ఆ ధాతువుకి ఎగరడమనే అర్థమూ ఉంది. పక్షిని ‘పతత్రి’ అనేది అందుకే. ఉత్పతనమంటే పైకెగరడం. కాగితం మీది రంగు చేసే పనికి ఎంత సరిగ్గా కుదిరిందో! కానీ షాపు బోర్డు మీద రాస్తే ఎవరికి అర్థమవుతుంది?

నా ఓటు ‘వేడి అద్దకం’కి. పెడనలో కలంకారీ చేసేవాళ్ళు చెక్క అచ్చును రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. అచ్చులో బొమ్మ తిరగేసి ఉంటుంది, బట్ట మీద తిన్నగా పడుతుంది. మగ్గు కాగితం పనీ అదే కదా.

*

ఇది చదివి గ్రూపులో ఒకరు అడిగారు: "అద్దాలంటే తడి ఉండాలి కదండీ? ఇడ్లీ చట్నీలో అద్దుకుంటాం, గాయానికి మందు అద్దుతాం. ఇక్కడ అంతా పొడి వ్యవహారం."

మంచి ప్రశ్న వేశారండీ, రాత్రంతా దీని గురించే ఆలోచించాను. ప్రసాదం చేతిలో పడగానే కళ్ళకద్దుకుంటాం. హుండీలో వేసే నోటునూ కళ్ళకద్దుకునే వేస్తాం. అక్కడ తడి ఏదీ? ఒకదాన్ని ఇంకోదానికి మెత్తగా ఆనించి, దానిలోనిది దీనికి అందేలా చేయడమే అద్దడం అని నాకనిపిస్తోంది.

*

ఇంకొకరి ప్రశ్న: "మా టీషర్టు మీది బొమ్మ నాలుగు ఉతుకులకే పెచ్చులూడింది. అదీ అద్దకమేనా?"

కాదండీ. పెచ్చులూడిందంటే అది వినైల్ లాంటి ప్లాస్టిక్ పొర అయ్యుంటుంది. వేడికి జిగురు కరిగి బట్టకి పట్టుకుంటుంది, పొర మాత్రం పైపైనే ఉండిపోతుంది. దాన్ని ‘వేడి అతుకు’ అందాం. రెండూ ప్రెస్ కింద పెట్టి నొక్కేవే కాబట్టి ఇంగ్లిష్‌లో ఒకే గాటన కట్టేస్తున్నారు. తెలుగులో మాత్రం ‘ఎక్కింది’, ‘అతికింది’ అని రెండు వేరువేరు మాటలున్నాయి. షాపులో "అన్నా, ఇది ఎక్కేదా, అతికేదా?" అని అడిగి చూడండి, ఇంకో వివరణ అక్కర్లేకుండా జవాబొస్తుంది.