అప్‌డేట్: నాన్నగారి యెజ్డీ ట్యాంక్

యెజ్డీ రోడ్‌కింగ్ బైక్ పెట్రోల్ ట్యాంక్ మీద పెయింట్ బుడగలు లేస్తోంది, పైపైన రుద్ది మళ్లీ వేస్తే సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరేమో రేకు తేలేదాకా గీకమన్నారు. గీకితే అడుగంతా తుప్పే! లోపల వెనిగర్ పోసి నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరగానే టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్ పోసి లోపలంతా అంటేలా తిప్పాను. ఆయిల్ మాత్రం ఆలస్యం చేయకండి, శుభ్రమైన రేకు ఊరికే మళ్లీ ఎర్రబడుతుంది.

బయట రేకుకు ముందుగా ఎపాక్సీ ప్రైమర్ (అడుగుపూత), దానిమీద పీయూ (పాలీయురేథేన్) పెయింట్. మా శ్రీకాకుళం గాలిలో చెమ్మ ఎక్కువ, అందుకే ముసురు పోయి మంచి ఎండ కాసేదాకా ఆగాను. పీయూ పెయింట్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం, గుడ్డ మాస్కు పనికిరాదు అని చెప్పినవారికి ఎంతో రుణపడి ఉన్నాను. కార్ట్రిడ్జ్ మాస్కు (ఆవిర్లను వడకట్టే ఫిల్టర్ డబ్బాలున్నది) పెట్టుకుని, షెడ్డు తలుపులు బార్లా తీసి స్ప్రే చేశాను. ఒక్క బుడగ లేదు. ఇక కార్బ్యురేటర్ విప్పాలి.