సమస్యాపూరణం: చచ్చిన వానిఁ జంపుటయె చక్కని విద్యగదా ధరిత్రిలో

నిర్వాహకుడు, విజయనగరం

ఈ వారం సమస్య (దీన్నే ఆఖరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి):

*చచ్చిన వానిఁ జంపుటయె చక్కని విద్యగదా ధరిత్రిలో*

ఉత్పలమాల. భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి, ప్రాస ద్విత్వ చకారం. పురాణాల్లోకి పారిపోకూడదు. దత్తపది (ఇచ్చిన మాటలు ఇరికించడం) లేదు గాని దత్తాంశం (ఇచ్చిన విషయం) ఉంది: మోర్టల్ కోంబాట్ ఆటలో ఆఖరి దెబ్బ, ఫేటాలిటీ. పద్యం చదివినవాడు దాన్ని పట్టుకుని మీటలు నొక్కగలగాలి. వరుస తప్పితే ఛందస్సు ఎంత బాగున్నా మార్కులు లేవు. గందరగోళం రాకుండా అందరూ 1992 నాటి మొదటి ఆటనే తీసుకోండి, వేరే భాగంలోకి వెళ్తే ఆ సంగతి చెప్పండి. ఆర్కేడ్ పెట్టెకి ఐదు బొత్తాలు: పైగుద్దు, కిందిగుద్దు, పైతన్ను, కిందితన్ను, నడిమధ్యన అడ్డం (అదే బ్లాక్). ఈ పేర్లే వాడదాం.

వృత్తం ఇంకా పట్టుబడని వారికి ఆటవెలదిలో మరోటి: *ఎడమ ముందుగాదె కుడిని నున్న.*

పొందూరు

చచ్చినవాణ్ణి చంపడవేటండీ, అసలు విరోధం ఎక్కడుందో ముందు తేల్చండి.

నిర్వాహకుడు, విజయనగరం

ఆటలోనే ఉంది. రెండో రౌండు కూడా ఓడినవాడి ప్రాణపు గీత సున్నా అవుతుంది, కానీ పడిపోడు. తూగుతూ నిలబడతాడు. తెర మీద 'ఫినిష్ హిమ్' అని వస్తుంది. లెక్కకి చచ్చాడు, కంటికి బతికున్నాడు. ఆ కొద్ది క్షణాల్లో దూరం, వరుస, బొత్తం మూడూ కుదిరితే ఆఖరి దెబ్బ. ఏమీ చెయ్యకపోతే తనే కూలిపోతాడు. మామూలు గుద్దు ఒక్కటి తగిలినా కూలిపోతాడు, అవకాశం అక్కడితో సరి.

రాజాం

ఆటలో సబ్-జీరో అనే మంచు యోధుడి మీద నా పూరణ:

*హెచ్చిన దెబ్బలం బ్రతుకు హీనత నొందెను, గీత సున్నయే*
*యచ్చట నూగువాని కడ కంటుచుఁ జేరియు ముందు క్రిందనున్*
*మెచ్చఁగ వేగ ముందునకు మీటి పయింగల గుద్దు నొక్కుచో*
*చచ్చిన వానిఁ జంపుటయె చక్కని విద్యగదా ధరిత్రిలో*

ఆమదాలవలస

వరుస సరైనదే: ముందు, కింద, ముందు, పైగుద్దు. 'మీటి' అన్న మాట ఈ పద్యానికి ప్రాణం. నొక్కి పట్టడం కాదు, వీణ తీగలా తాకి వదిలెయ్యాలి. రెండో పాదంలో 'చేరియు' దగ్గర 'యు' గణం కోసం వచ్చిన వ్యర్థపదం. 'కడ కంటగఁ జేరుచు' అంటే గణం నిలుస్తుంది, అర్థమూ బిగుస్తుంది. ఎందుకంటే ఈ దెబ్బకి దూరం అదే: ఇక అడుగు పడదు అనేంత దగ్గర. ఒక్క అడుగు ఎడం ఉన్నా పైగుద్దు గాలిలోకి పోతుంది.

ఇంకోటి. మూడో పాదంలో 'పయింగల గుద్దు' అని విడమర్చడం అవసరమే. పొరపాటున కిందిగుద్దు నొక్కారనుకోండి, ముందు-కింద-ముందు వరుసలో చివరి రెండూ 'కింద, ముందు'. దానికి కిందిగుద్దు కలిస్తే సబ్-జీరో మంచుగోళం అదే. చాలామంది 'ఫేటాలిటీ చేస్తే మంచు వచ్చిందేటి' అని తల గోక్కునేది ఇక్కడే. వరుస తప్పలేదు, వేలు తప్పింది.

రాజాం

'కంటగఁ జేరుచు' స్వీకరించాను మాస్టారూ. ధన్యవాదాలు.

చీపురుపల్లి

నాకు మూడో పాదం మాత్రమే కుదిరింది. చూసిపెట్టండి:

*ముచ్చటగాఁ గుడిన్ దిగువఁ గ్రమ్మర నాకుడి గుద్దు నొక్కుచో*

ఆమదాలవలస

బాబూ, గణాలు సరిగ్గా ఉన్నాయి. యతి పోయింది: 'ము'కి 'గ్ర' చెల్లదు. అంతకంటే పెద్ద తప్పు 'కుడి'. ఆటలో కుడి ఎడమలు లేవు, ముందు వెనకలే. ముందు అంటే ఎదుటివాడున్న వైపు. మొదట ఎడమ పక్క నిలబడి నేర్చుకున్నవాడు 'కుడి, కింద, కుడి' అని బట్టీ కొడతాడు. పోరులో ఒకసారి అటు దూకాక పక్కలు మారతాయి, వాడి బట్టీ తలకిందులవుతుంది. రెండు తప్పులూ ఒకేసారి పోవాలంటే:

*ముచ్చటగాను ముందడుగు, మోపుచుఁ గ్రిందికి, ముందు, గుద్దుచో*

చీపురుపల్లి

అయ్యబాబోయ్, మొత్తం వరుస ఒక్క పాదంలో పట్టేసింది! పైగుద్దు అని మాత్రం రాలేదు కదండీ?

ఆమదాలవలస

రాలేదు. అది మీ నాలుగో పాదానికి ముందు ఎక్కడైనా ఇరికించుకోవాలి. లేకపోతే మళ్లీ మంచే.

బొబ్బిలి

కుడి ఎడమల మాట వచ్చింది కాబట్టి ఆటవెలది పూరణ ఇక్కడే పెడుతున్నాను:

*దిక్కు కాదు చూడు, తెరమీఁద శత్రువు*
*నిలుచు వైపె ముందు నీకు నెపుడు,*
*కుడికి దూకి నీవు గోడ నానిన వేళ*
*నెడమ ముందుగాదె కుడిని నున్న*

నిర్వాహకుడు, విజయనగరం

భేష్. నాలుగో పాదంలో ఎడమ-కుడి ప్రాసయతి. ద్రుతం వచ్చి 'నెడమ' అయినా ప్రాసయతికి ఢోకా లేదు. అర్థంలో ఇంకేమీ కలపక్కర్లేదు. నేర్చుకునేవారు ప్రతి వరుసనీ రెండు పక్కల నుంచీ పదేసిసార్లు చెయ్యాలి, ఒక పక్క వచ్చేస్తే వచ్చేసినట్టు కాదు.

శ్రీకాకుళం

స్కార్పియన్ పూరణ. సబ్-జీరోకి పూర్తిగా ఎదురు లెక్క:

*వచ్చి రణానఁ జేరువకు వ్రాలక దవ్వుగ నిల్చి యడ్డమున్*
*విచ్చక పట్టి మీదికిని వెంబడి వెంబడి రెండు మీటులే*
*యిచ్చిన మోముపై ముసుఁగ దిట్టె తొలంగఁగ నగ్గి చిమ్మఁగన్*
*చచ్చిన వానిఁ జంపుటయె చక్కని విద్యగదా ధరిత్రిలో*

రాజాం

'చిమ్మఁగన్' ద్రుతాంతం. దాని మీద 'చచ్చిన' వస్తే సరళాదేశం జరిగి 'జచ్చిన' కావాలి. సమస్య అక్షరం మారిపోతుంది. 'నగ్గి చిమ్ముచో' అంటే సరి. మూడో పాదం యతి (యిచ్చిన, ముసుఁగు+అది+ఇట్టె) నాకు నచ్చింది. కొందరు ఒప్పరు గాని ఒప్పాలి.

ఆమదాలవలస

నేను ఒప్పేవాణ్ణే. విషయం మీద ఒక మాట. 'విచ్చక పట్టి' అన్నది పద్యంలో అన్నిటికంటే ముఖ్యమైన పదం. అడ్డం పట్టుకోకుండా పైకి నొక్కితే స్కార్పియన్ ఎగురుతాడు. ఎగిరి దిగేసరికి సమయం అయిపోతుంది. అడ్డం పట్టి ఉంచితే కాళ్లు నేలనే ఉంటాయి, రెండు పైమీటులూ లెక్కలోకి వస్తాయి. రెండో మీటు అయ్యేదాకా అడ్డం వదలకూడదు. చాలామంది మొదటి మీటుకే వేలు సడలిస్తారు.

ఒక చెయ్యి కదలకుండా, రెండోది జంటగా కొట్టడం. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు వారు ఒంటిమీద ఐదు తాళాలు వేసిన ప్రాంతం మనది, మనకి రెండు రాకపోతే ఎలా?

పొందూరు

'దవ్వుగ' అంటే ఎంత? గజమా, బారా?

శ్రీకాకుళం

కాలు అడ్డం వేస్తే (వెనక + కిందితన్ను) బొటనవేలు తగిలీ తగలనంత. అంటుకుని ఉంటే వెనక్కి రెండడుగులు వేసి అప్పుడు అడ్డం పట్టాలి. మొదటి ఆటకి సాధన గది లేదు గనక ఉపాయం ఒకటుంది: ఇద్దరాటగాళ్ల పోటీ పెట్టి రెండో కంట్రోలర్‌ను పక్కన పడెయ్యండి. అవతలివాడు దిమ్మలా నిలబడతాడు, రెండు రౌండ్లూ తీరిగ్గా గెలిచి చివర్లో దూరం కొలుచుకోవచ్చు. 2011లో వచ్చిన ఆటలో ఫేటాలిటీలకి ప్రత్యేకంగా శిక్షణ విభాగమే పెట్టారు, ఎక్కడ నిలబడాలో నేల మీదే గుర్తు చూపిస్తుంది.

బొబ్బిలి

చేతిలో ఉన్న సామాను సంగతి కూడా చెప్పాలి. గుండ్రని అనలాగ్ పుల్లతో ముందు-కింద-ముందు తిప్పితే మధ్యలో మూలలు తగులుతాయి. ఈ ఆటకి మూలలు అక్కర్లేదు, విడివిడి మీటులు కావాలి. నాలుగు రెక్కల డీ-ప్యాడ్ వాడండి. కీబోర్డు మీద ఆడేవారికి వేరే చిక్కు: చవక కీబోర్డుల్లో మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒకటి మింగేస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి మీరు ఎంచుకున్న అక్షరాలు కలిపి నొక్కి చూడండి. ఒక అక్షరం పడకపోతే తప్పు మీది కాదు, మీటల కేటాయింపు మార్చుకోండి.

లయకి తప్పెటగుళ్ల దరువు తలచుకోండి. నాలుగు దెబ్బలు, సమానమైన ఎడం. ఒకటీ రెండూ కలిసిపోయినా, మూడు దగ్గర ఆగినా వరుస తెగుతుంది. వేగం కన్నా సమత ముఖ్యం.

చీపురుపల్లి

అసలు వరుసే లేని ఆఖరి దెబ్బ ఏదైనా ఉందా అండీ? నాలాంటివాళ్లకి.

బొబ్బిలి

ఉంది. 'ది పిట్' అనే వంతెన రంగం మీద ఆట పడితే చివర్లో కింద + పైగుద్దు, అంతే. అప్పర్‌కట్ తగిలి వాడు వంతెన మీంచి మేకుల మీద పడతాడు. తరవాతి మెట్టు జానీ కేజ్: దగ్గరగా నిలబడి ముందు, ముందు, ముందు, పైగుద్దు. ఆ పైన రైడెన్: ముందు ఒకటి, వెనక మూడు, పైగుద్దు. అదీ దగ్గర నుంచే. వెనక మూడుసార్లు అన్నప్పుడు పట్టి ఉంచితే నడిచి దూరమైపోతాడు, తాకి వదలాలి.

పార్వతీపురం

ఇంట్లో సూపర్ నింటెండో కూర్పు ఆడేవారు రాజాం గారి పద్యం చూసి మోసపోకండి. అందులో రక్తం బదులు బూడిదరంగు చెమట. సబ్-జీరో వెన్నెముక పీకడు, గడ్డకట్టించి ముక్కలు చేస్తాడు. సెగా జెనెసిస్ కూర్పులో రక్తం దాచిపెట్టారు, ఏ బి ఏ సి ఏ బి బి నొక్కితే వస్తుంది. ఈ గొడవంతా 1993లో అమెరికా సెనేట్ దాకా పోయి, మరుసటేడు ఆటలకి వయసు ముద్రలు వేసే ఈఎస్ఆర్‌బీ పుట్టింది. కాబట్టి పిల్లల ముందు ఈ సమస్య చదవకండి, వాళ్లకి ఆటవెలది ఇవ్వండి.

ఇక నా పూరణ. మూడో భాగం (1995). అందులో ఆరో బొత్తం వచ్చింది, పరుగు.

*పచ్చని గీత సున్నయగు పట్టున మూఁడవ పోరునందునన్*
*గ్రుచ్చినయట్లు పర్వుపయిఁ గోరును మోపుచుఁ గ్రింద ముమ్మడిన్*
*మెచ్చఁగ నొక్కి పర్వు విడ మేనికిఁ బ్రాణము గొంత హెచ్చులే,*
*చచ్చిన వానిఁ జంపుటయె? చక్కని విద్యగదా ధరిత్రిలో!*

నిర్వాహకుడు, విజయనగరం

అమ్మా, ఈ వారానికి ఇదే మేటి పూరణ. సమస్యని ప్రశ్నగా విరిచి, చంపడం కాదు బతికించడమే విద్య అన్నారు. మెర్సీ (ఓడినవాడికి కొంత ప్రాణం తిరిగివ్వడం) వరుస తు.చ. తప్పలేదు: పరుగు పట్టి ఉంచి, కింద మూడుసార్లు, పరుగు వదలాలి. మూడో రౌండులోనే చెల్లుతుందని మొదటి పాదంలోనే చెప్పేశారు. రెండు రౌండ్లలోనే గెలిచేసి 'మెర్సీ పనిచెయ్యట్లేదు' అనేవారికి అదే జవాబు. మెర్సీ ఇచ్చి మళ్లీ గెలిస్తేనే యానిమాలిటీ, జంతురూపం, అందుతుంది. 'పర్వు' అంటే పరుగు అన్న పాత అర్థం ఈ కాలం వారికి తట్టదు, మర్యాద అనుకుంటారు. ఒక వివరణ జోడించండి.

పార్వతీపురం

మర్యాద అనుకున్నా చెడిందేమీ లేదు కదండీ, ఇస్తున్నది ప్రాణమే.

పొందూరు

నాకు పద్యం రాదు గాని ఒకటి గమనించాను. మొదటి ఆటలో సోన్యా వరుస రాసి చూస్తే:

*ముందు ముందు వెనుక వెనుక యడ్డు*

గల గల న న గల. ఐదు సూర్యగణాలు! ఆట రాసినవాళ్లకి తెలియకుండానే ఆటవెలది రెండో పాదం పడింది.

ఆమదాలవలస

పడింది గాని యతి లేదు. 'ము'కి నాలుగో గణం మొదట 'వె' చెల్లదు, ప్రాసయతీ లేదు. మామూలు పద్యమైతే పదాలు అటూ ఇటూ జరిపేవాణ్ణి. ఇక్కడ జరిపితే సోన్యా ముద్దు విసరదు, మంట రాదు.

రాజాం

క్రమం చెడకుండా, మొదటి పాదంగా మారిస్తే?

*ముందు ముందు వెనుక మునుపట్లె యడ్డము*

మూడు సూర్య, రెండు ఇంద్ర. 'ము'కి 'ము' యతి.

పొందూరు

'మునుపట్లె' అంటే మునుపు నొక్కిందేటి, వెనకా, ముందా? నేను చదివి ముందే నొక్కాను. సోన్యా కదల్లేదు.