పెరిగిన చోటే మనల్ని ఇలా తయారు చేస్తుందా?

చిన్నచెల్లి:
అక్క అమ్మమ్మ దగ్గర ఇరుకు సందుల్లో పెరిగింది. నేను నాన్న ఉద్యోగం వల్ల క్వార్టర్స్‌లో, గీత గీసినట్టుండే రోడ్ల మధ్య పెరిగాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా, అక్క ఒక్కసారి నడిచిన దారిని మర్చిపోదు. "వచ్చేటప్పుడు ఆ మలుపులో ఎండ కుడి చెంప మీద పడింది, కాబట్టి ఇటే" అంటుంది. నాకు ఫోన్‌లో మ్యాప్ లేకపోతే టెన్షన్. అక్క ఎంత గోలలోనైనా నిద్రపోతుంది, నాకు పక్కగదిలో తలుపు చప్పుడైనా మెలకువ వచ్చేస్తుంది. ఇదంతా పుట్టుకతో వచ్చిన తేడానా, పెరిగిన చోటు వల్లనా? మా బాబుకి పదకొండేళ్లు. ఇల్లు మారాలనుకుంటున్నాం, అందుకే అడుగుతున్నా.

నడక:
దారుల విషయంలో మీ అనుమానానికి ఆధారం ఉందండీ. సీ హీరో క్వెస్ట్ అనే మొబైల్ గేమ్‌ని 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది ఎలా ఆడారో చూసి, ఆ ఫలితాలను 2022లో నేచర్ పత్రికలో వేశారు. నగరాల బయట పెరిగినవాళ్లు సగటున దారి బాగా కనుక్కున్నారు. షికాగోలా గళ్లుగళ్లుగా రోడ్లుండే నగరాల్లో పెరిగినవాళ్లు మెలికల దారుల్లో తడబడ్డారు, తిన్నని దారుల్లో మాత్రం బాగానే ఆడారు. అంటే చిన్నప్పుడు ఏ దారులు తిరిగామో వాటికే తర్ఫీదు దొరుకుతుందన్నమాట. అయితే ఇవి సగటు లెక్కలు. మీ ఇద్దరిలో తేడా అంతా దీనివల్లేనని చెప్పలేం.

బడిపంతులు:
నిద్ర సంగతి నాకు తెలియదు గానీ, చప్పుడు గురించి ఒకటి చెప్పాలి. అక్కగారు గోలకి అలవాటు పడ్డారంటే దానివల్ల నష్టం లేదని కాదమ్మా. న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే వంతెన మీద రైళ్లు వెళ్లేవి. 1975లో వచ్చిన అధ్యయనం ప్రకారం, పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు అవతలి వైపు పిల్లల కన్నా చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారు. తర్వాత పట్టాల కింద రబ్బరు వేసి, గదుల పైకప్పులకు చప్పుడు పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయింది. అదే బడి, అదే వీధి! నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి క్లాసులో కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తుంటాను.

రెండోఅంతస్తు:
వయసు గురించి. అమెరికాలో 1994–98 మధ్య 5 నగరాల్లో పేద కుటుంబాలకు లాటరీ తీసి, పేదరికం తక్కువున్న పేటలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. 13 ఏళ్ల లోపు అలా మారిన పిల్లలు పెద్దయ్యాక సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారు. ఆ వయసు దాటాక మారినవాళ్లకు లాభం కనిపించలేదు. మీది ఆ పరిస్థితి కాదు కాబట్టి ఆ అంకెను పట్టుకుని కంగారు పడకండి.

చిన్నచెల్లి:
అందరికీ థ్యాంక్స్. గదులెన్ని అన్నది తర్వాత చూసుకుంటాం. వాడి గది రోడ్డు వైపు ఉండకూడదు, వాడు ఒక్కడే నడిచి తిరగడానికి నాలుగు దారులుండాలి. ఆదివారం ఒక ఇల్లు చూడబోతున్నాం. వచ్చేటప్పుడు దారి వాణ్ణే చూపించమంటాను.