డెడ్‌లిఫ్ట్ 60 కిలోలు దాటడం లేదు, నడుం పట్టేస్తోంది. ఏం చేయమంటారు?

అందరికీ నమస్తే. మాది విజయనగరం, వయసు 29. జిమ్‌లో చేరి మూడు నెలలైంది. స్క్వాట్లు బాగానే వస్తున్నాయి గానీ డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) దగ్గరే గొడవ. 40 కిలోల వరకు ఏమీ లేదు. 60కి వెళ్లిన రోజు నుంచి నడుం కింది భాగం పట్టేస్తోంది. మర్నాడు బండికి సెంటర్ స్టాండ్ వేయాలన్నా భయమే. కాళ్లలోకి నొప్పి పాకడం, తిమ్మిరి లాంటివైతే లేవు. రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ ఎత్తితే మళ్లీ అదే. పక్కనే కొండవెలగాడలో చిన్నపిల్లలు కూడా వెయిట్‌లిఫ్టింగ్ చేస్తారు, నేనేమో 60కే మూలుగుతున్నాను!

తమ్ముడితో పక్క నుంచి వీడియో తీయించాను. బార్ నేల నుంచి లేచేటప్పుడే నడుం గూనిలా వంగుతోంది, బార్ కాళ్లకు దూరంగా పోతోంది. ఇంకో అనుమానం: మా జిమ్‌లో ఉన్నవి చిన్న ఇనుప ప్లేట్లు. పోటీల్లో వాడే 45 సెంటీమీటర్ల ప్లేట్లయితే బార్ ఇంకాస్త ఎత్తులో ఉంటుంది కదా. కింద చెక్కలు పెట్టి ఎత్తు చేస్తే సరిపోతుందా? ట్రైనర్‌నడిగితే బెల్ట్ కొనుక్కోమంటాడు. అదే మందని నాకైతే అనిపించట్లేదు.

కొన్నాళ్లు పూర్తిగా ఆపేయాలా, 40కి దిగి ఫారం (ఎత్తే తీరు) సరిచేసుకోవాలా? ఇలాంటి నొప్పి పడి బయటపడినవాళ్లు ఉంటే చెప్పండి. డాక్టర్‌కి ఎప్పుడు చూపించుకోవాలో కూడా.