పెద్దావిడల జ్ఞాపకాలు రికార్డు చేయడం ఎలా?

ప్రశ్న: మా మహిళా బృందం అమ్మమ్మల తరం వాళ్ల అనుభవాలను వాళ్ల గొంతులోనే దాచాలనుకుంటోంది. రికార్డు చేసేది కొత్తగా నేర్చుకునే అమ్మాయిలే. ఫోన్ సరిపోతుందా? ఏం అడగాలి?

జవాబు 1: ఫోన్ చాలు. అసలు ఇబ్బంది గదితోనే. ఫ్యాన్ హోరు మాటల్లో కలిసిపోతే తర్వాత శుభ్రంగా తీయలేం, ముందే ఆపండి. ఫోన్‌కి తగిలించే కాలర్ మైకు (బట్టలకు పెట్టుకునే చిన్న మైకు) ఉంటే గడ్డానికి జానెడు కింద, గొలుసు తగలకుండా పెట్టండి. రికార్డింగ్ యాప్ సెట్టింగ్స్‌లో వేవ్ ఫార్మాట్ (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైల్ రకం), నాణ్యతకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. స్టీరియో (రెండు చానెళ్లు) అయితే గంటకి సుమారు 1 జీబీ. ఏరోప్లేన్ మోడ్ మరిచిపోవద్దు, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు.

జవాబు 2: "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముందమ్మా చెప్పడానికి" అనేస్తారు. చేసిన పనితో మొదలుపెట్టించండి: "మీ చేతికొచ్చిన మొదటి సంపాదన ఏం చేశారు?", "చదువు ఆపమన్నది ఎవరు?" ఆవిడ ఆగితే వెంటనే ఇంకో ప్రశ్న వేయొద్దు, పది సెకన్లు ఓపిక పట్టండి, అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. భర్తో కొడుకో పక్కనుంటే జవాబు వాళ్లే అందుకుంటారు, కాబట్టి విడిగా కూర్చోండి. గంటన్నర దాటితే అలసిపోతారు.

జవాబు 3: పాత ఫొటోల వెనక "ఫలానావారి భార్య" అని రాసి వదిలేయకండి. ఆవిడ సొంత పేరు, పుట్టింటి పేరు మెత్తని పెన్సిల్‌తో అంచున రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు తేలుతుంది. రికార్డింగ్ ఎవరెవరు వినొచ్చో ఆవిడ సంతకంతో అనుమతి తీసుకోండి, ఏ భాగమైనా తీసేయమనే హక్కు ఆవిడదే. రికార్డింగ్‌వి మూడు కాపీలు ఉంచి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి.